రంగు మారని పాలు

కాళ్లకు తొడుక్కునే ప్లాస్టిక్ సంచుల దగ్గరే నాకు పదమూడు నిమిషాలు పోయాయి. గేటు దగ్గర పాసు రాయించుకోవాలి, పాసు రాసేవాడు టీకి వెళ్లాడు. వాడొచ్చాక పాసు మీద ముద్ర వేయాలి, ముద్ర ఉన్న సొరుగు తాళం ఇంకొకడి జేబులో ఉంది. ముద్ర పడ్డాక ఈ సంచులు. నా పాదానికి సరిపడేవి లేవట. డిటెక్టివ్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. హంతకులు నన్ను ఏడిపించింది తక్కువ, గేటు మనుషులు ఏడిపించిందే ఎక్కువ. రెండు సంచులు చింపి, మూడోదాన్ని బలవంతంగా ఎక్కించి, ల్యాబ్ కారిడార్‌లో అడుగు పెట్టేసరికి పది ముప్పై మూడు.

నన్ను పిలిపించిన ఆవిడ తలుపు పక్కనే నిలబడి ఉంది. స్కూల్లో లెక్కల టీచరు. సిటీ బస్సు నడిపే ఆమె చెల్లెలికి కాలేయం పూర్తిగా చెడిపోయింది. అక్క తనదాంట్లో ముక్క ఇస్తానంది, పరీక్షలు చేసి పనికిరాదన్నారు. అందుకని ఈ ల్యాబ్‌లో చెల్లెలి కోసం కొత్త కాలేయం పెంచారు. జంతువు కాలేయాన్ని తీసుకుని, అందులోని కణాలన్నీ పోయేదాకా కడిగితే తెల్లటి గూడు ఒకటి మిగులుతుందట. ఆ గూట్లో పేషంటు కణాలను నాటి, గాజు జాడీలో పెట్టి, పంపుతో పోషక ద్రవం ఎక్కిస్తూ పదకొండు వారాలు సాకితే అది పేషంటు సొంత కాలేయం అవుతుంది. సొంతది కాబట్టి ఒళ్లు దాన్ని తిప్పికొట్టదు. రేపు పొద్దున ఆపరేషన్. ఇవాళ పొద్దున ఏడూ నలభైకి చూస్తే జాడీలో కాలేయం బూడిద రంగుకు తిరిగి, చచ్చిపోయి ఉంది.

"పోలీసులు ఎవరు చంపారో కనిపెట్టేశామంటున్నారండీ," అంది ఆవిడ. "నాకు దాంతో పనిలేదు. నాకు లివర్ కావాలి. రేపు సాయంత్రం దాటడం కష్టం అన్నారు డాక్టర్లు."

"చచ్చిపోయినదాన్ని నేను తేలేను కదమ్మా."

"చచ్చిపోయిందంటే నేను నమ్మను. నిన్న సాయంత్రం ఐదింటికి అద్దంలోంచి చూశాను. నిగనిగలాడుతూ ఉంది. అలాంటిది రాత్రికి రాత్రి అలా అయిపోతుందా?"

నమ్మకం మీద కేసులు తేలితే నాకు ఈ పొట్ట, ఈ బీపీ వచ్చేవి కావు. ఆ మాట అనలేదు. లోపల ఎవరున్నారని అడిగాను. ఇన్‌స్పెక్టర్ అంది. ఏ ఇన్‌స్పెక్టరో తలుపు తీయకముందే తెలిసిపోయింది. లోపల్నుంచి వినిపిస్తున్న ఆ దగ్గు నాకు తెలుసు. పండగా పబ్బం లేకుండా ప్రతి ఆదివారం మా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని దగ్గే దగ్గు అది. సాక్షాత్తూ మా ఆవిడ తమ్ముడు.

"వచ్చావా బావా," అన్నాడు నా కాళ్ల వైపు చూసి నవ్వుతూ. "కేసు అయిపోయింది. కాఫీ తాగి వెళ్దువుగాని."

"ఎప్పుడు అయిపోయింది?"

"తొమ్మిదింటికి. నేను ఎనిమిదింబావుకి వచ్చాను. నలభై ఐదు నిమిషాలు." చొక్కా కాలర్ సర్దుకున్నాడు. "పంపు రికార్డు చూడు. ఐదో జాడీకి ఆరూ పన్నెండుకి కరెంటు పోయింది, ఏడూ ఇరవయ్యారుకి వచ్చింది. నేల తుడిచే ఆయా తన మెషీను పెట్టుకోవడానికి పంపు ప్లగ్గు పీకింది. ఒప్పుకుంది కూడా. ఇంకేం కావాలి?"

"ఎందుకు పీకింది?"

"చెప్పాను కదా, మెషీను కోసం."

"ఎన్నేళ్లుగా తుడుస్తోంది ఇక్కడ?"

బావమరిది నీళ్లు నమిలాడు. అడగలేదన్నమాట. మనిషిని పట్టుకోవడంలో ఉన్న తొందర, మనిషిని అడగడంలో ఉండదు వీడికి. చిన్నప్పుడు పెళ్లిచూపుల్లో నన్ను చూసి, నా ఉద్యోగం ఏంటో అడక్కుండానే వద్దని చెప్పినవాడు.

ఆయా గది మూలలో స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన ఒక లేడీ కానిస్టేబుల్. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఎన్నేళ్లమ్మా ఇక్కడ?"

"పదకొండేళ్లు బాబూ."

"పదకొండేళ్లలో ఎప్పుడైనా పంపు ప్లగ్గు పీకావా?"

"అయ్యో, లేదు బాబూ. వాటిని ముట్టుకోకూడదని నాకు తెలీదా? పసిపిల్లల్ని ముట్టుకున్నట్టే."

"మరి ఇవాళ?"

తల దించుకుంది. "నా తప్పే బాబూ, రాసుకోండి," అంది. నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాళ్లు చెయ్యలేదంటారు, అది మామూలే. చెయ్యనివాళ్లు చేశామంటే మాత్రం నా పని రెట్టింపు అవుతుంది.

"నీ మెషీను ఎప్పుడూ ఏ ప్లగ్గులో పెడతావు?"

"కిటికీ పక్కదాంట్లో. అది వారం నుంచి వదులైపోయింది. నిప్పురవ్వలు వస్తున్నాయి."

"అని ఎవరికైనా చెప్పావా?"

చెంగుతో కళ్లు తుడుచుకుంది. నేను స్టూలు ముందు గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు రెండూ టపటపమన్నాయి. "చూడమ్మా, బయట నిలబడ్డ ఆవిడ చెల్లెలు రేపు పోతే నీ మీద రాసేది ప్లగ్గు పీకిన కేసు కాదు. మనిషిని చంపిన కేసు. నువ్వు ఎవరిని కాపాడుతున్నావో వాళ్లు నిన్ను కాపాడతారా?"

ఆయా తలెత్తింది. "అన్న చాలా మంచోడు బాబూ. ఈ ఉద్యోగం ఆయనే ఇప్పించాడు. 'తలుపు పక్కది తీసి నీది పెట్టుకో, పంపుని నేను వేరే దాంట్లో పెడతాలే' అన్నాడు. మర్చిపోయుంటాడు పాపం. మూడు వారాలుగా రెండు డ్యూటీలు చేస్తున్నాడు. ఆయన మర్చిపోయాడని నేనెలా చెప్పను?"

"ఏ అన్న?"

"మాస్టారు."

బావమరిది దగ్గు ఆగింది.

మాస్టారు అంటే ఇక్కడి సీనియర్ టెక్నీషియన్. పిల్లలకు నడక నేర్పినట్టు కుర్ర టెక్నీషియన్లందరికీ పని నేర్పాడు కాబట్టి ఆ పేరు. పొద్దున కాలేయం చచ్చిపోయిందని కనుక్కున్నదీ ఆయనే, పంపు ఆగితే గంటంబావులో చచ్చిపోతుందని బావమరిదికి చెప్పిందీ ఆయనే. పక్కగదిలో కూర్చోబెట్టారు. ఆయన్ని తర్వాత చూద్దామనుకుని ముందు జాడీల గదిలోకి వెళ్లాను.

"బావా, సీలు వేశాను," అన్నాడు బావమరిది అడ్డం వచ్చి.

"జాడీకి వేశావు. గదికి వెయ్యలేదు. జరుగు."

గోడ పొడుగునా స్టీలు బల్ల. బల్లకు మధ్యలో పలక బదులు కంతల జల్లెడ. దాని మీద ఏడు గాజు జాడీలు. ఉన్న ఎనిమిది చోట్లలో ఒకటి, రెండో నంబరుది, ఖాళీ. అందులో ఉన్నది కూడా కాలేయమే. ఇవాళ వేరే పేషంటుకు ఆపరేషన్ ఉంటే పొద్దున ఏడింటికి జాడీతో సహా పెట్టెలో పెట్టి హాస్పిటల్‌కి పంపారట. మిగతావాటిలో కిడ్నీలు, శ్వాసనాళాలు. ప్రతి జాడీలో అవయవం మునిగేలా ఒక ద్రవం. దాన్ని ఇక్కడ పాలు అంటారు. రోజుకు మూడుసార్లు, ఎనిమిది గంటలకు ఒకసారి పాలు మారుస్తారు. ఆ పనికి పేరు పాలు పట్టడం. గదికి పేరు పురిటిగది. నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

గోడ మీద కొత్తవాళ్ల కోసం రంగుల పట్టీ అంటించి ఉంది. కొత్త పాలు గులాబీ రంగు. గంటకు నారింజ. రెండు గంటలకు పసుపు. కింద పెద్దక్షరాలతో: "పసుపు తిరిగితే బిడ్డ తాగుతోందని అర్థం."

ఆఖరిసారి పాలు పట్టింది ఆరింటికి. ఇప్పుడు పదీ నలభై ఆరు. ఆరు జాడీల్లో పాలు పచ్చగా పసుపు తిరిగి ఉన్నాయి. పోలీసు టేపు చుట్టిన ఐదో జాడీలో మాత్రం, ఇప్పుడే సీసాలోంచి వంచినంత గులాబీగా ఉన్నాయి.

"ఈ రంగు చూశావా?" అన్నాను.

"చూశాను. బాగుంది. చచ్చిపోయింది కాబట్టి తాగలేదు. ఇందులో ఏముంది?"

"ఆరింటికి పాలు పట్టారు. ఆరూ పన్నెండుకి పంపు ఆగింది. పంపు ఆగగానే ఠపీమని చస్తుందా అది? గంటంబావు అని నీకే చెప్పాడుగా. ఆ గంటంబావూ ఏం చేసింది, ఉపవాసం ఉందా?"

బావమరిది పట్టీ వైపు చూశాడు, జాడీ వైపు చూశాడు. నేను అప్పటికే నేల మీద వెల్లకిలా పడుకుంటున్నాను.

"ఏం చేస్తున్నావు బావా? అక్కకి ఫోన్ చెయ్యనా? గుండె పట్టేసిందా?"

"నోరు మూసుకుని టార్చి ఇవ్వు."

బల్ల కిందికి దూరాను. దూరాను అంటే తల, ఒక భుజం. పొట్ట బయటే ఆగిపోయింది. జల్లెడ కంతల్లోంచి జాడీ అడుగు కనిపిస్తోంది. గాజు మీద చెక్కిన అంకె: పద్నాలుగు. లేచి, ఊపిరి పీల్చుకుని, పేషంటు పేరున్న చీటీ ఎక్కడుందో చూశాను. జాడీ మీద లేదు. మూత మీద ఉంది. గాజును ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేస్తారు, ఆ వేడికి చీటీలు ఊడిపోతాయి. అందుకని మూత మీద అంటిస్తారు. పాలు పట్టేటప్పుడు ఒక జాడీ మూత పెట్టాకే ఇంకోది తీయాలని గోడ మీద ఇంకో కాగితం ఉంది. ఆ కాగితం ఎవరూ చదవరని దాని మీది దుమ్మే చెబుతోంది.

ఆవిరి యంత్రం పక్కన రిజిస్టరు. పదకొండు వారాల వెనక్కి తిప్పాను. గాజు నంబరు పద్నాలుగు: రెండో పేషంటు. గాజు నంబరు తొమ్మిది: ఐదో పేషంటు, అంటే చెల్లెలు.

చెల్లెలి మూత కింద ఉన్నది చెల్లెలి జాడీ కాదు.

"తొమ్మిదో నంబరు గాజు ఎక్కడ?" అన్నాను.

"నాకేం తెలుసు?"

"ఏడింటికి ఇక్కణ్ణుంచి పోయిన పెట్టె నీకు తెలీదు, గాజుకు నంబరు ఉంటుందని తెలీదు, నలభై ఐదు నిమిషాల్లో కేసు మాత్రం తేల్చావు!"

"అరవకు బావా, ఇది నా డ్యూటీ. కోర్టులో నిలబడేది ఒప్పుకోలు. నువ్వూ నీ పాలూ కాదు. ఆ రిజిస్టరు కూడా ఎవిడెన్సే, అలా పెట్టెయ్యి. పైవాళ్ల ఆర్డరు లేకుండా పేజీ తిప్పడానికి..."

అతని వేళ్లు రిజిస్టరుకి ఒక చివర, నావి ఇంకో చివర. ఇద్దరు ముసలాళ్లు రేషన్ కార్డు కోసం కొట్టుకున్నట్టు ఉంది చూసేవాళ్లకి. ఎంతసేపు గుంజుకున్నామో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. చివరికి రిజిస్టరు వాడికే వదిలేసి పక్కగదిలోకి వెళ్లాను. పదకొండూ ఆరు.

మాస్టారికి యాభై ఐదేళ్లుంటాయి. తెల్లకోటు గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకున్నాడు. కూర్చుని ఉన్నా చేతులు ఊరికే లేవు, కోటు అంచు మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి.

"మాస్టారూ, ఒక చిన్న సంగతి. బతికున్న లివర్‌కి పాలు పట్టి పంపు ఆపేస్తే, పాలు రంగు మారతాయా?"

"ఎందుకు మారవండీ?" అన్నాడు వెంటనే. పని గురించి అడిగితే అబద్ధం చెప్పడం ఆయన చేత కాదు. "లోపలికి పోవు కానీ, చుట్టూ ఉన్నవి తాగుతూనే ఉంటుంది. లివర్ మహా తిండిపోతు. ముప్పావు గంటలో నారింజకి..."

ఆగిపోయాడు.

"చచ్చినదానికి ఎందుకు పట్టారు మాస్టారూ కొత్త పాలు?" అన్నాను. "పాత పాలు అలాగే వదిలేసుంటే పచ్చగా ఉండేవి. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు."

కోటు అంచు మడత విప్పేశాడు. "ఆరయింది కదండీ," అన్నాడు. "ఆరింటికి పట్టాలి. చెయ్యి దానంతటదే పట్టేసింది."

నాకు చిరాకు పోయింది. పోకుండా ఉంటే బాగుండేది.

"రాత్రి ఏం జరిగింది?"

"పదింటికి పాలు పట్టేటప్పుడు పంపు గొట్టానికి క్లిప్పు పెడతాం, కారకుండా. రెండో జాడీ క్లిప్పు తియ్యడం మర్చిపోయాను. కూర్చున్న కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి ఎనిమిది గంటలు అయిపోయింది, చచ్చిపోయి ఉంది." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఏడింటికి పెట్టె వస్తుంది. పేషంటుని అప్పటికే రెడీ చేస్తున్నారు. రెండూ లివర్లే, ఒకే సైజు. మూతలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. మూతలూ చోట్లూ మార్చేశాను. ముప్పై ఏళ్లలో ఒక్కటి పోగొట్టుకోలేదండీ నేను. ఒక్కటి. ఆ అమ్మాయిది రేపు కదా, ఒక రోజులో ఏదో దారి దొరుకుతుందనుకున్నాను."

"అందుకని నిన్ను అన్నా అని పిలిచే మనిషి చేత ప్లగ్గు పీకించావు."

నాకూ దాంతో పనిలేదు. కాలేయం బతికే ఉంది. పెట్టెలో ఉంది. ఆపరేషన్ ఎనిమిదింటికి మొదలైంది. పాత కాలేయం విడదీయడానికే మూడు గంటలు పడుతుందని మాస్టారే చెప్పాడు. బావమరిది గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఈసారి వాడే ఫోన్ తీశాడు. ఆపరేషన్ థియేటర్‌కి నేరుగా ఫోన్ పోదట. రిసెప్షన్ వాళ్లు పేరు అడిగారు, హోదా అడిగారు, ఏ విషయమై అని అడిగారు, లైన్లో ఉండమన్నారు. సంగీతం వచ్చింది. మా బావమరిది ఆ సంగీతాన్ని బూతులు తిట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాడు నాకు నచ్చింది ఆ ఒక్క నిమిషమే.

పదకొండూ పందొమ్మిదికి సర్జన్ గొంతు వచ్చింది. ఎవరో ఫోన్‌ని చెవి దగ్గర పట్టుకున్నట్టున్నారు. "తొందరగా చెప్పండి."

"మీ పెట్టెలో వచ్చిన లివర్ మీ బల్ల మీదున్న పేషంటుది కాదు. వేరే ఆవిడది. జాడీలు మారాయి. ఆపండి."

అవతల స్టీలు పళ్లెంలో కత్తెర పెట్టిన చప్పుడైంది.

"పాతది తీసేశాం," అన్నాడు సర్జన్.

"ఎప్పుడు?"

"పదకొండూ పదికి."

గడియారం వైపు చూడాలనిపించలేదు. "ఆపితే?"

"ఏం ఆపమంటారు? లోపల చోటు ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఇది కుట్టకపోతే బల్ల దిగడు. కుడుతున్నాను." ఊపిరి తీసుకున్నాడు. "సొంతది అనుకుని, ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందులు ఏవీ ఇవ్వలేదు. మీరు చెప్పకపోతే వారంలో వీడి ఒళ్లు దాన్ని తినేసేది. ఇప్పుడే మొదలుపెడతాం. బతుకుతాడు. ఆ రెండో పేషంటు ఎవరు?"

"మీకు రెండంతస్తుల పైనే ఉంది."

లైను తెగిపోయింది.

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. "ఆవిడకి ఎవరు చెబుతారు బావా?"

"కేసు నీదన్నావుగా, నువ్వే చెప్పు." వాడు కదల్లేదు. వాడు కదలడని తెలిసే అన్నాను.

తలుపు తీశాను. వచ్చే దారిలో రెండు వాక్యాలు కూడబలుక్కున్నాను. ముందు కూర్చోండి అనాలి, తర్వాత మిగతాది. ఆవిడ నా మొహంలో ఏం చూసిందో, ఒక్క అంగలో ఎదురొచ్చింది.

"బతికే ఉందా?"

అబద్ధం చెప్పలేను. "ఉంది. కానీ..."

"నేను చెప్పలేదూ!" నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారి వచ్చేసింది. "నేను చెప్పలేదూ, చావలేదని! ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదండీ నన్ను!"

"అమ్మా, ముందు కూర్చోండి, నా మాట..."

వినే స్థితిలో లేదు. అప్పటికే ఫోన్ చెవికి పెట్టేసుకుంది. "ఒసేయ్, దొరికిందే! బతికే ఉంది! ఆయన కనిపెట్టేశారు. ఆ, ఇక్కడే ఉన్నారు, నా ఎదురుగానే. నువ్వు ఏడవకు, నీరసం వస్తుంది. ఉండు, ఆయనే మాట్లాడతారు." కళ్లు తుడుచుకుంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ నోటితోనే చెప్పండి. దానికి నా మాట మీద నమ్మకం తక్కువ."

ఇరవై ఆరేళ్లలో జవాబు దొరికినందుకు ఏడుపొచ్చిన రోజు నాకింకోటి లేదు. ఫోన్ చెవికి పెట్టుకున్నాను. అటువైపు ఊపిరి బరువుగా వినిపించింది, తర్వాత సన్నటి గొంతు.

"థాంక్సండీ," అంది బస్సు నడిపే ఆవిడ. "ఎన్నింటికి తెస్తున్నారు?"